ఎడమ వెనక చక్రం

ఆ వానల్లో రెండు వారాలకి పైగా చెయ్యని పనికి మాటలు పడ్డాను. పడినన్నాళ్ళూ పళ్ళు బిగించి ఊరుకోవడంతో దవడలు నొప్పి పుట్టాయి.

ఆ మాటలు మొదలైన రోజుకి పెళ్ళయి నలభై రోజులు. అంతకుముందు రోజు దాకా ఆ ఇంట్లో నాకు నచ్చనిదంటూ లేదు. కింద బైండింగ్ షాపు, పైన ఇల్లు. మెట్లు దిగితే చాలు, కటింగ్ మెషీను కింద నుంచి కాగితం పీలికలు రిబ్బన్లలా జారుతుండేవి. ఒకటి తీసి జడకి చుట్టుకుని మా ఆయన ముందు అటూ ఇటూ తిరిగితే, అతను కుడుతున్న పుస్తకంలో సూది వేరే చోటికి దిగిపోయేది. కుట్టు విప్పుకుంటూ నన్ను తిట్టేవాడు. ఆ తిట్లు కూడా బాగుండేవి. షాపులో మూల స్టవ్వు మీద జిగురు గిన్నె ఎప్పుడూ వెచ్చగా ఉండేది. తోలూ ఎముకలూ ఉడికించి చేసే పాతకాలపు జిగురు అది, బిళ్ళలుగా వస్తుంది. వేడి చేస్తే తేనెలా కరుగుతుంది, చల్లారితే రాయిలా బిగుస్తుంది. మొదటి వారం ఆ వాసనకి ముక్కు మూసుకున్నాను. రెండో వారానికి అతని చొక్కాలో అది లేకపోతే వెలితిగా ఉండేది.

ఇంటి పక్క రేకుల షెడ్డులో మామయ్య కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తోలు సీట్లు. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. నా వయసుకి రెట్టింపు దాని వయసు.

"నాకంటే ముందొచ్చింది ఈ ఇంటికి. నా సవతి," అని అత్తయ్య మొదటి రోజే పరిచయం చేసింది.

ఆ కారు నాకు కావాలి. సరదాకి కాదు. గుట్ట అవతల, మట్టి పరీక్షలు చేసే ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. బస్సు గుట్టకి ఇవతలే ఆగిపోతుంది. ఆ పైన ఎక్కుడూ దిగుడూ కలిపి పదిహేను కిలోమీటర్లు. "మా కారుంది. నడుపుకుంటూ వెళ్తుంది," అని పెళ్ళి మాటల్లోనే మామయ్య మాటిచ్చారు. పెళ్ళి వల్ల చేరే తేదీ ఒకసారి వాయిదా వేయించుకున్నాను. వచ్చే నెల ఒకటో తారీఖు దాటితే జాబితాలో నా తర్వాతి మనిషికి ఇచ్చేస్తామని ఉత్తరంలో స్పష్టంగా రాశారు.

ఆ కారుకి ఇంట్లో ఒక నియమం ఉంది. హ్యాండ్ బ్రేకు లాగకూడదు. చెమ్మకి బ్రేకు షూలు, అంటే చక్రాన్ని లోపల్నుంచి ఒత్తి ఆపే ఇనప ముక్కలు, వాటి చుట్టూ తిరిగే డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంటాయని మామయ్య భయం. బండి నిలిపితే గేరులో ఉంచి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి. డ్రైవింగ్ స్కూల్లో నాకు నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందుకే బండి ఆగగానే ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుని, పరీక్ష హాల్లో పిల్లలా బిగుసుకుని కూర్చునేదాన్ని. అంత జాగ్రత్త నాది.

ఒక ఆదివారం మామయ్య పక్కన కూర్చుని మొదటిసారి నాచేత గుట్ట ఎక్కించారు, దింపించారు, మళ్ళీ అదే దారిన వెనక్కి తెప్పించారు. దిగుతుంటే మలుపులో లారీ ఎదురొచ్చింది. గట్టిగా తొక్కాను, ఆగింది. "చెయ్యి నిలకడగా ఉంది," అన్నారు మామయ్య. ఆయన అంతకంటే ఎక్కువ ఎవర్నీ మెచ్చుకోరట. ఇంటికొచ్చాక ఆ మాట మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. షెడ్డులో బండి పెట్టి, గేరులో వేసి, దిమ్మ నేనే పెట్టాను.

మూడు రోజులు వాన. నాలుగో రోజు పొద్దున మామయ్య బండి తీయబోయారు. ఇంజను పలికింది. క్లచ్చి వదిలితే బండి వెనక భాగం కిందికి కూలబడింది. కుడి వెనక చక్రం మాత్రం గిర్రున తిరిగి గోడంతా బురద చిమ్మింది. బండి అంగుళం కదల్లేదు.

మామయ్య దిగి, నా వైపు చూశారు. చక్రం వైపు కాదు, నా వైపు.

"హ్యాండ్ బ్రేకు లాగావా?"

"లేదు మామయ్యా."

"లాగితేనే ఇలా పట్టేస్తుంది."

"లివరు కిందకే ఉంది కదండీ. చూడండి."

"తర్వాత గుర్తొచ్చి దించేసి ఉంటావు. అప్పటికే షూ అతుక్కుపోయుంటుంది."

"నేను అసలు ముట్టుకోలేదు."

మామయ్య కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కోప్పడలేదు, జాలిగా నవ్వారు. "స్కూల్లో నేర్పిన అలవాటు. చెయ్యి దాని పాటికది లాగేస్తుందమ్మా. నీకే తెలీకుండా."

నీకే తెలీకుండా. ఈ మాటకి ఏం జవాబు చెప్తారు ఎవరైనా? లాగలేదంటే, లాగినట్టు నాకు తెలీదన్నమాట. గట్టిగా అంటే, మరీ తెలీదన్నమాట. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విని, షాపులోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేనే కబురయ్యాను. పుస్తకాలు ఇవ్వడానికొచ్చిన స్కూలు గుమాస్తా "కారు కనపడట్లేదేం?" అంటే, "మా కోడలు హ్యాండ్ బ్రేకు లాగింది," అనేవారు మామయ్య, కోడలికి జ్వరం వచ్చిందన్నంత మామూలుగా. అత్తయ్య చెల్లెలు ఫోన్లో పరామర్శించింది: "బాధపడకమ్మా, కొత్తలో అందరికీ అవుతుంది." ఏమవుతుంది? నాకేమీ అవలేదు.

మామయ్య రోజుకో వైద్యం చేశారు. హ్యాండ్ బ్రేకు కేబులుకి నూనె పోశారు. బండిని ముందుకీ వెనక్కీ ఊపమన్నారు. మా ఆయనా నేనూ వెనక నిలబడి, ఒకరి భుజం ఒకరికి తగులుతూ ఊపాం. మొదటి రోజు అందులోనూ నాకు సంతోషం దొరికింది. వాన పెరిగితే ఇద్దరం కారులోకి దూరి, రేకుల మీద చప్పుడు వింటూ టీ తాగాం. అతని బొటనవేలికి అంటిన సిరా నా చెయ్యికంటింది. అప్పుడే అన్నాడు.

"పోనీ, ఒప్పేసుకోరాదూ?"

"ఏమని?"

"లాగానని. గొడవ వదిలిపోతుంది. నాన్న రెండు రోజులు అని మర్చిపోతారు."

"లాగని దాన్ని లాగానని ఎందుకు ఒప్పుకోవాలి?"

"ఎవరో ఒకరు లాగకుండా ఇలా అవదు కదా మరి," అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

మిగతా టీ కిటికీలోంచి పారబోసి దిగిపోయాను.

ఇంకో వారం గడిచింది. భోజనాల దగ్గర ఒకటో తారీఖు సంగతి ఎత్తాను. మామయ్య తాపీగా, "బండి బాగైనా నీకు తాళాలు ఇవ్వనమ్మా. చేసినదాని కంటే, చెయ్యలేదని సాధిస్తున్నావు చూడు, అది నాకు భయం. అలాంటి మనిషిని గుట్ట మీదికి ఎలా పంపను?" అన్నారు.

"మరి ఉద్యోగం?"

"ఇంకోటి వస్తుంది."

మా ఆయన నీళ్ళు తాగాడు. ఒక గ్లాసు, తర్వాత ఇంకో గ్లాసు.

ఆ మధ్యాహ్నం చీర మార్చుకుని, మా ఆయన పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుని, టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. అత్తయ్య మెట్ల మీద నుంచి, "ఎక్కడికే?" అంది. "సవతి సంగతి చూడ్డానికి," అన్నాను. ముందు చక్రాలకి రెండు దిమ్మలు పెట్టి, పాత అట్ట పరుచుకుని బండి కిందికి దూరాను.

కాలేజీలో నేను చదివింది భౌతికశాస్త్రం. బ్రేకుల గురించి ఒక్క పాఠం లేదు. ఒక్కటి మాత్రం నేర్పారు, ఏది కాదో ముందు తేల్చుకోమని. కోపంలో బుర్ర ఇంత బాగా పనిచేస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు. హ్యాండ్ బ్రేకు లాగితే ఒకే కేబులు రెండు వెనక చక్రాలనీ పట్టాలి. మొదటి రోజే కుడి చక్రం గోడకి బురద కొట్టింది. అంటే అది విడిగానే ఉంది. ఎడమ చక్రం దగ్గర కేబులు పట్టుకుని చూశాను. వదులుగా, తాడులా వేలాడుతోంది. డ్రమ్ము వెనక కేబులు తగిలించే చిన్న మీట వేలితో తోస్తే అటూ ఇటూ ఆడింది. బ్రేకు వదిలేసే ఉంది. చక్రం మాత్రం కదలదు. తప్పు హ్యాండ్ బ్రేకుది కాదు. తప్పు డ్రమ్ము లోపల ఉంది.

ఒళ్ళంతా మట్టితో పైకొచ్చి చెప్పాను. మామయ్య పూర్తిగా వినకుండానే, "తుప్పు డ్రమ్ము లోపలే పడుతుంది మరి," అన్నారు.

"అయితే కార్ల మేస్త్రిని పిలిచి విప్పిద్దాం."

ఆ మాటకి మా ఆయన చప్పున లేచాడు. "మేస్త్రి ఎందుకు? నేను చూస్తాను. ఆదివారం తీరిగ్గా నేనొక్కణ్ణే విప్పుతాను."

"రెండు వారాల నుంచీ తీరిక లేదా?" అన్నాను.

"డ్రమ్ము పగిలిందంటే మళ్ళీ దొరకదు. నీకు తెలీదు, ఊరుకో."

నాకు తెలీదు. నాకు తెలీకుండా. ఆ ఇంట్లో నాకు తెలీనివి చాలా ఎక్కువైపోయాయనిపించింది. ఆదివారం పొద్దున్నే గొడుగేసుకుని నేనే వెళ్ళి మేస్త్రిని పిలుచుకొచ్చాను.

మేస్త్రి సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుతో మెడకి కట్టుకుంటాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పేషెంటుని పలకరించినట్టు బానెట్టు తట్టాడు. అది షాపు సెలవు రోజు. మామయ్య కుర్చీ వేయించుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నారు, అత్తయ్య ఆయన వెనక. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

జాకీతో బండి ఎత్తి, చక్రం ఊడదీసి, మేస్త్రి కేబులు చూశాడు, మీట ఆడించాడు.

"హ్యాండ్ బ్రేకు బానే ఉందే. ఎవరన్నారు పట్టేసిందని?"

మామయ్య కుర్చీలో కదిలారు. నేను లోపల్లోపల గంతులేశాను.

షూలు వెనక్కి తగ్గడానికి మర వదులు చేశాడు. కొయ్య సుత్తితో డ్రమ్ము చుట్టూ కొట్టాడు. రాలేదు. అట్నుంచి కొట్టాడు. రాలేదు. "తుప్పయితే ఈ దెబ్బకి గల్లుమని ఊడాలి. ఇదేదో మొద్దుగా పలుకుతోంది," అని గొణుక్కుని, గ్యాసు మంట వెలిగించాడు. డ్రమ్ము మీద నీలం మంట నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

వాసన వచ్చింది.

ఇనుముది కాదు, తుప్పుది కాదు, నూనెది కాదు. వెచ్చగా, కాస్త తీపిగా, కాస్త కుళ్ళుగా, ఇల్లంతా బట్టలంతా ఉండే వాసన. నేను ముద్దు పెట్టుకున్న మెడ మీది వాసన.

మామయ్య ముక్కు ఎగబీల్చారు. "షాపులో జిగురు గిన్నె దింపడం మర్చిపోయినట్టున్నారు," అన్నారు.

"ఇవాళ షాపు తీయలేదుగా," అంది అత్తయ్య.

నేను మా ఆయన వైపు చూశాను. అతను మంట వైపు చూస్తున్నాడు.

డ్రమ్ము మెత్తగా జారి మేస్త్రి చేతిలోకొచ్చింది. బ్రేకు షూ మీద రాపిడికి ఉండాల్సిన పట్టీ, లైనింగు ముక్క, షూ మీద లేదు. డ్రమ్ము లోపలి గోడకి అంటుకుని ఉంది. దాని అంచుల్లోంచి తేనెరంగు చారలు సాగుతున్నాయి. మేస్త్రి వేలితో ముట్టుకుని, చూపుడువేలూ బొటనవేలూ విడదీశాడు. మధ్యలో సన్నటి తీగ లేచింది.

"రివెట్లు కొట్టాల్సిన చోట ఇదెవరు పెట్టారు?" అన్నాడు. మా అందరినీ ఒకసారి చూసి, కళ్ళజోడు తుడుచుకోవడంలో పడ్డాడు.

నేను షాపులోకి వెళ్ళాను. అతను నా వెనకే వచ్చాడు. కుట్టి పేర్చిన పుస్తకాల మధ్య నిలబడ్డాం.

"ఎప్పుడు అతికించారు మీరు?"

"మీరు" అనేసరికి అతని మొహం పాలిపోయింది. పెద్దవాళ్ళ ముందు తప్ప నేనతన్ని అలా పిలవను.

"పెళ్ళికి మూడు రోజుల ముందు. బ్రేకులు మార్పించమని నాన్న నాకప్పగించారు. అన్నీ నేనే చేశాను, బాగానే వచ్చాయి. చివరి ముక్కకి రివెట్ కొడుతుంటే లైనింగు విరిగింది. ఇంకోటి రావడానికి పది రోజులన్నారు. నిన్ను ఆ కారులోనే తీసుకురావాలని నాకు... అందుకని జిగురు పూసి, బిగించి రెండు రోజులు ఉంచాను. రాయిలా పట్టింది. తర్వాత మార్చేద్దామనుకున్నాను."

"అనుకుని?"

"మర్చిపోయాను. నువ్వొచ్చావు కదా, అన్నీ మర్చిపోయాను."

పది రోజుల ముందైతే ఆ మాటకి కరిగిపోయేదాన్ని.

"సరే, మర్చిపోయారు. బండి పట్టేసిన రోజు గుర్తొచ్చిందా, రాలేదా?"

అతను బల్ల మీది దారం ఉండని సర్దాడు.

"వచ్చింది," అన్నాను నేనే. "టీ తాగిన రోజుకి బాగా గుర్తుంది. నన్ను ఒప్పేసుకోమన్నారు."

"నాన్న సంగతి నీకు తెలీదు. బ్రేకు దగ్గర ఇలాంటి పిచ్చిపని చేశానని తెలిస్తే ఇక జన్మలో నా చేతికి ఏదీ ఇవ్వరు."

"నా చేతికి ఇవ్వకపోతే ఫర్వాలేదు."

"అలా కాదు..."

"ఆ ఆదివారం గుట్ట దిగాను నేను. ఊళ్ళో చదును రోడ్ల మీద మీ జిగురు ఆగింది. గుట్ట దిగుడులో బ్రేకు వేడెక్కింది, జిగురు కరిగింది, షెడ్డులో చల్లారి షూనీ డ్రమ్మునీ కలిపి పట్టేసింది. మలుపులో లారీ వచ్చింది. పక్కన మీ నాన్న. అప్పుడే ఆ ముక్క జారిపోయి ఉంటే?"

ఆ సంగతి అతనికి ఆ క్షణం దాకా తట్టలేదని మొహంలోనే తెలిసింది. నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నాన్న ఏమంటారో రెండు వారాలు ఆలోచించాడు. ఇది ఒక్కసారీ ఆలోచించలేదు.

భోజనాల దగ్గర మామయ్య, "అయిందేదో అయింది. మేస్త్రి కొత్త లైనింగు తెప్పిస్తానన్నాడు," అని కంచం ముందుకి లాక్కున్నారు. నేను నా కంచం వెనక్కి తోశాను. ఎవరూ నన్ను తినమనలేదు. అప్పుడు మా ఆయన అన్నాడు.

"నేనే అతికించాను నాన్నా."

"తెలుసు," అన్నారు మామయ్య. "నలభై ఏళ్ళుగా కాస్తున్నాను ఆ జిగురు. వాసన తెలీదా?"

"తెలిసి మరి గిన్నె మీదికి తోశారేం?" అంది అత్తయ్య. "పిల్లని ఊరందరి ముందూ అన్నారు. ఆ ఊరందరికీ ఇప్పుడెవరు చెప్తారు?"

మామయ్య చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి, తాళాలు తెచ్చి నా కంచం పక్కన పెట్టారు. తప్పయిందన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఊరందరికీ మాత్రం మా ఆయనే చెప్పాడు. నేను పక్కన నిలబడి చెప్పించాను. స్కూలు గుమాస్తాకి, అత్తయ్య చెల్లెలికి, చివరికి నా మీద జాలిపడిన ఎదురింటి ఆవిడకి కూడా. ప్రతిసారీ "నేనే" అన్న చోట అతని గొంతు కాస్త చిన్నదయ్యేది. "వినపడలేదట," అనేదాన్ని నేను.

కొత్త లైనింగులు ముప్పయ్యో తారీఖున వచ్చాయి. మేస్త్రి నాలుగు చక్రాలకీ రివెట్లతో బిగించాడు. ఒక్కొక్క రివెటూ నేను దగ్గరుండి చూశాను.

ఒకటో తారీఖు పొద్దున వాన లేదు. అతను గుట్ట దాకా వస్తానన్నాడు. వద్దనలేదు, రమ్మనలేదు. పక్క సీట్లో కూర్చున్నాడు. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. పైకి చేరాక, దిగుడు మొదలయ్యే చోట నా కాలు బ్రేకు మీద నుంచి లేవనంది. కింద రోడ్డు తడిగా మెరుస్తోంది. మేస్త్రి బిగించాడని తెలుసు, నేను చూశానని తెలుసు. కాలికి మాత్రం తెలీలేదు. ఇంజను ఆపి, గేరులో వేశాను.

"మీరు దింపండి," అన్నాను.

"సరే. నువ్విటు వచ్చి కూర్చో."

"నేను కూర్చోను. మీరొక్కరే దింపండి. ఇక్కణ్ణుంచి చూస్తాను."

నా మొహంలోకి చూశాడు. అటు తిరిగొచ్చి కూర్చుని, తలుపు వేసుకున్నాడు. కారు మలుపు దాకా నెమ్మదిగా వెళ్ళింది. అక్కడ వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. రోడ్డు పక్క రాయి మీద నిలబడి, మెడ చాచి చూస్తున్నాను. మీగడ రంగు చెట్ల వెనక మాయమైన ఆ కాసేపూ నాకు కోపం లేదు, ఏమీ లేదు. ఊపిరే లేదు. మళ్ళీ కింద, రెండో మలుపు దగ్గర కనపడింది. ఆగింది. నిలకడగా ఆగింది. ఊపిరితో పాటు కోపం కూడా తిరిగొచ్చింది, కాస్త తగ్గి.

అతను ఆ ఎత్తంతా కాలినడకన ఎక్కి వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తాళాలు చేతికిచ్చాడు.

"తప్పయింది," అన్నాడు, రొప్పుతూనే. "ఒప్పేసుకోమన్నాను చూడు, అది. జిగురు కంటే అది."

"ఇంటికెలా వెళ్తారు?"

"నడిచి."

"వెళ్ళు మరి," అన్నాను. ఏం పిలిచానో నాకు తర్వాత తెలిసింది. అతనికి అప్పుడే తెలిసినట్టుంది. నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

నేను కిందికి నడిచాను. కారు రోడ్డు వాలులోనే ఉంది. చక్రం కింద పెట్టడానికి దిమ్మ దొరక్క, అతను హ్యాండ్ బ్రేకు లాగి వచ్చాడు. సీట్లో కూర్చుని దాని వైపు కాసేపు చూశాను. చల్లగా, నల్లగా, బొటనవేలి దగ్గర అరిగిపోయి ఉంది. మీట నొక్కి కిందికి దించాను. మెత్తగా దిగింది.

ఆ ఇంటికొచ్చాక నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.